ఐదేళ్ల సూది వేయించారా?

బడులు తెరిచే నెల వచ్చిందంటే డాక్టరుగా నాకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అన్నీ వడదెబ్బలు, చెమటకాయలు. జూన్‌లో అన్నీ సూదులే. ఈసారి వచ్చినవి చాలావరకు బడి ఈడు పిల్లల బూస్టర్ టీకాల గురించే, అంటే చిన్నప్పటి టీకా బలాన్ని మళ్లీ పెంచే సూదుల గురించే కాబట్టి ఒక్కచోట చేర్చాను. మొదటి జవాబు పొడుగైంది. మిగతా ప్రశ్నలు సగం దాని చుట్టే తిరుగుతున్నాయి గనుక కుదించలేదు.

ప్రశ్న: మా బాబుకు ఐదున్నరేళ్లు. ఈ జూన్‌లో ఒకటో తరగతిలో వేస్తున్నాం. చిన్నప్పటి సూదులన్నీ వేయించాం, ఏడాదిన్నరకు బూస్టర్ కూడా అయింది. మొన్న ఆశా కార్యకర్త వచ్చి ఐదేళ్లకు ఇంకోటి ఉందమ్మా అంటే, మా అత్తమ్మ "పిల్లగాడు మంచిగనే ఉన్నడు గదా, ఎన్నిసార్లు పొడిపిస్తరు" అని వాకిట్లోంచే పంపించేసింది. నిజంగా అవసరమా?
— ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అవసరమేనమ్మా. ఆశా కార్యకర్త చెప్పింది డీపీటీ రెండో బూస్టర్ గురించి. కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటికీ కలిపి ఒకే సూది. జాతీయ టీకాల పట్టికలో దీని వయసు 5 నుంచి 6 ఏళ్లు. మీవాడు సరిగ్గా ఆ మధ్యలోనే ఉన్నాడు.

మీ అత్తమ్మను తప్పు పట్టలేను. ఒకసారి టీకా పడ్డాక అది జన్మంతా కాపాడాలి గదా అన్నది ఆమె లెక్క. కొన్ని టీకాలు అట్లనే పనిచేస్తాయి కూడా. తట్టు టీకా రెండు మోతాదులూ సరిగ్గా పడితే చాలామందికి మళ్లీ అక్కర ఉండదు. అందులో ఉండేది బలం తగ్గించిన సజీవ వైరస్. అది ఒంట్లో కొంచెం పెరిగి, అసలు జబ్బు వచ్చిపోయినంత గట్టి గుర్తు వేసిపోతుంది. కంఠసర్పి, ధనుర్వాతం టీకాల్లో క్రిమి ఉండదు. ఆ క్రిమి వదిలే విషాన్ని హాని చేయకుండా మార్చి సూదిలో పెడతారు. దాన్ని చూసి ఒళ్లు విరుగుడు తయారుచేసుకుంటుంది గానీ, ఆ విరుగుడు ఏటికేడు పలచబడుతుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడిన మూడు సూదులతో వచ్చిన బలాన్ని ఏడాదిన్నర సూది పైకి లేపింది. ఐదేళ్లు వచ్చేసరికి అది మళ్లీ కిందికి దిగుతుంది. మనం వాడిని తీసుకుపోయి ముప్పై నలభై మంది పిల్లల మధ్య ఒక గదిలో కూర్చోబెట్టేది కూడా సరిగ్గా అప్పుడే.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ భయం కంఠసర్పి అంటేనే. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రిని మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. చదువుకునే రోజుల్లో అక్కడ ఒక పిల్లను చూశాను. ఎనిమిదేళ్లు ఉంటాయేమో. మెడ రెండు వైపులా ఉబ్బి గదవ, గొంతు ఒకటైపోయాయి. నోరు తెరిపించి టార్చి వేస్తే కొండనాలుక పక్కన బూడిద రంగు పొర, తడిపిన తోలు ముక్క అంటించినట్టు. దాన్ని కదిలిస్తే రక్తం వస్తుంది. గొంతులో ఆ పొర పెరిగితే ఊపిరాడదు. అసలు ప్రమాదం దానితో ఆగదు కూడా. క్రిమి గొంతులోనే ఉంటుంది, విషం మాత్రం రక్తంలో కలిసి గుండెకు, నరాలకు పోతుంది. గుర్రాల రక్తం నుంచి తీసిన విరుగుడు మందు ఉంది, కానీ అది రక్తంలో తిరుగుతున్న విషాన్నే అడ్డుకోగలదు. అప్పటికే గుండెను పట్టుకున్న విషాన్ని విడిపించలేదు. అందుకే ఒక్క రోజు ఆలస్యం కూడా తేడా చేస్తుంది. ఆ పిల్ల బతికింది. గొంతు వాపు తగ్గి ఇంటికి పోదామనుకునేలోగా, తాగిన పాలు ముక్కులోంచి రావడం మొదలైంది. అంగిలి నరాలు పడిపోయాయన్నమాట. తేరుకోవడానికి వారాలు పట్టింది. చిన్నప్పటి సూదులు ఆమెకు పడ్డాయి. పడనిది మీరు అడుగుతున్న ఈ ఐదేళ్ల సూది.

ఒకప్పుడు కంఠసర్పి చంటిపిల్లల జబ్బు. పసివాళ్ల టీకాలు బాగా అందడం మొదలయ్యాక అది పైకి జరిగింది. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా బడి ఈడు పిల్లల్లో, పెద్దల్లో బయటపడుతోంది. రెండేళ్ల దాకా ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ముగ్గురూ మన వెంటపడతారు. ఆ తర్వాత మూడేళ్లకు పైగా ఏ సూదీ ఉండదు. కార్డు బీరువాలో పట్టుచీరల కిందికి చేరుతుంది. బడిలో చేర్పించేటప్పుడు జనన ధ్రువపత్రం అడుగుతారు, ఆధార్ అడుగుతారు, టీకాల కార్డు అడిగే బడి ఎంత వెతికినా దొరకదు. అడగాలని నా వాదన. ఫీజు రసీదు చింపేటప్పుడే ఆ కార్డు కూడా ఒకసారి తిరగేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉందో లేదో రాయలేదు. ఉంటే ఇంకో కారణం. కోరింత దగ్గు ఐదేళ్ల పిల్లవాడికి వస్తే వారాల తరబడి దగ్గి దగ్గి తేరుకుంటాడు. మొదటి సూది కూడా పడని నెల బిడ్డకు వస్తే దగ్గడం కూడా చేతకాదు, ఊపిరి ఆగి నీలం రంగు వస్తుంది. ఆ దగ్గును బడి నుంచి ఇంటికి మోసుకొచ్చేది తరచుగా అన్నో అక్కో.

బుధవారం గానీ శనివారం గానీ మీ సబ్‌సెంటర్‌కో పీహెచ్‌సీకో తీసుకెళ్లండి. డబ్బు కట్టక్కర్లేదు. ఈ వయసులో తొడకు కాదు, భుజం కింద చేతి కండకు వేస్తారు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. కార్డులో తేదీ రాయించుకుని మరీ బయటికి రండి. మీ అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లమని నా సలహా. తాను వాకిట్లోంచి పంపించేసిన ఆశా కార్యకర్తతో అక్కడ నాలుగు మాటలు మాట్లాడుకుంటే రేపు ఇంట్లో ఏ సూదికీ అడ్డుండదు.

ప్రశ్న: నా కొడుకు, కోడలు పుణెలో బిల్డింగు పనికి పోతరు. మనుమడు మొన్నటిదాకా వాళ్లతోనే ఉన్నడు. బడిలో వేద్దామని ఇప్పుడు నా దగ్గర వదిలిపోయిన్రు. ఆరేళ్లు దాటినయి. సూదుల కార్డు యాడనో పోయిందట. కొన్ని వేయించినం, కొన్ని లేదు అంటున్నరు. మళ్లా మొదటి నుంచి వేయించాల్నా? ఎక్కువైతే బిడ్డకు ఏమన్నా అయితదా?
— ఒక తాత, కోస్గి

జవాబు: పాలమూరులో పీహెచ్‌సీ డాక్టరుగా ఉన్నప్పుడు దసరాకు, ఉగాదికి ఊరికి వచ్చే పిల్లల్లో ఇదే కథ. తప్పు మీ కొడుకూ కోడలిది అని నేననను. సైటు మారినప్పుడల్లా గుడిసె మారే వాళ్లకు కాగితం దాచుకోవడమే పెద్ద పని.

ముందు వెతకండి పెద్దయ్యా. కాన్పు ఇక్కడే అయితే మీ సబ్‌సెంటర్ ఏఎన్ఎం రిజిస్టర్‌లో పసితనపు సూదులు రాసి ఉంటాయి. ఈ మధ్య వేసినవాటిని యూవిన్ అనే ఆన్‌లైన్ ఖాతాలో ఎక్కిస్తున్నారు. మీ కొడుకు ఫోన్ నంబరు చెప్పి చూడమనండి. పుణెలో ఇచ్చిన కార్డు ముక్క దొరికితే అది మరాఠీలో ఉందని పారేయకండి, మందు పేర్లు, తేదీలు మాకు అర్థమవుతాయి. ఎడమ భుజం మీద చిన్న గుంట మచ్చ ఉంటే బీసీజీ (క్షయ టీకా) పడిందని తెలుస్తుంది. దాన్ని చూసి "అన్నీ పడ్డయి" అనుకోకండి, ఆ మచ్చ చెప్పేది ఆ ఒక్క సూది సంగతే.

రుజువు దొరికిన సూదులను మళ్లీ వేయరు. ఎంత ఆలస్యమైనా సరే, ఆగిన చోటి నుంచే మొదలు. ఏ రుజువూ దొరక్కపోతే పడనట్టే లెక్క. ఒకటి రెండు ఎక్కువైతే చేయి కొంచెం ఎక్కువ వాస్తుంది, ఒక రోజు జ్వరం రావచ్చు. అంతకుమించి ఏమీ కాదు. పడకపోతే జరిగేదానితో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

మీరు తొందరపడాల్సింది ఒక్క విషయంలో. డీపీటీ ఏడేళ్లు నిండేలోపే వేస్తారు. మీ మనుమడికి ఆరు దాటాయి, అంటే చేతిలో ఉన్నది నెలలే. ఒక్కటీ పడలేదని తేలితే నాలుగేసి వారాల తేడాతో మూడు, మూడోది అయ్యాక ఆరు నెలలకు బూస్టర్. మధ్యలో ఏడు నిండితే మిగతావాటిని ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికే వేసే టీడీ సూదితో పూర్తిచేస్తారు. తట్టు–రుబెల్లా సూది సర్కారు పట్టికలో ఐదేళ్ల లోపు వాళ్లకు. మీవాడు దాటాడు కాబట్టి, అది పడ్డట్టు రుజువు లేకుంటే పిల్లల డాక్టరును అడిగి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిసిన సూది) వేయించండి. నాలుగు వారాల తేడాతో రెండు.

కొత్త కార్డు రాగానే రెండు వైపులా ఫొటో తీయించి కొడుకు ఫోన్‌కు ఒకటి, మీ ఫోన్‌లో ఒకటి ఉంచండి. మళ్లీ పిల్లవాడు పుణె పోయినా, రాయచూరు పోయినా అక్కడి సర్కారు దవాఖానలో సూది ఉచితమే. ఆధార్‌లో ఊరు వేరే ఉందని వెనక్కి పంపకూడదు.

ప్రశ్న: మా పాపకు పీహెచ్‌సీలో ఐదేళ్ల బూస్టర్ వేయించాం. రాత్రికి 101 జ్వరం, చేయి మోచేతి దాకా వాచింది. రెండు రోజులు అన్నం కూడా ఎడమ చేత్తో తిన్నది. మందు పాడైపోయి ఉంటుందని మా బావమరిది అంటున్నాడు. ప్రైవేటులో నొప్పి లేని సూది ఉందట. చిన్నవాడికి అదే వేయించమంటారా?
— ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీ బావమరిది అనుమానం సహజమే గానీ, ఇక్కడ జరిగింది వేరు. ఇది మీ పాపకు ఐదో మోతాదు. ఒంటికి ఈ మందు పాత పరిచయం కాబట్టి సూది పడిన చోటికి రక్షణ కణాలన్నీ ఒక్కసారిగా పరిగెత్తాయి. వాపు అందుకే. పసితనంలో వేసినప్పటికంటే ఈ వయసులో చేయి ఎక్కువగా వాయడం మాకు తెలిసిన విషయమే. ఆ సంగతి వేసేటప్పుడే చెప్పి పంపి ఉంటే మీకు ఈ బాధ ఉండేది కాదు, ఆ మాట మాత్రం మావాళ్లు ఒప్పుకోవాలి.

చల్లటి తడిగుడ్డ వేయండి. రుద్దకండి, కాపడం పెట్టకండి, నూనె మర్దన అసలే వద్దు. జ్వరానికి పారాసెటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన. ఇక్కడ చాలామంది బోల్తాపడేది సీసా దగ్గర. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. రెండూ ఒకే కంపెనీ, ఒకే బొమ్మ. ఇరవై కిలోల పిల్లకు 250 సీసా అయితే ఒక పూటకు 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. కనీసం ఆరు గంటల తేడా ఉండాలి. మూడో రోజు దాటినా జ్వరం తగ్గకపోతే, వాపు తగ్గే బదులు ఎర్రబడి గట్టిపడుతుంటే, ఫిట్స్ వస్తే, ఊపిరి ఇబ్బందైతే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి.

మందు పాడవడం గురించి అడిగారు కాబట్టి, చిన్నవాణ్ని తీసుకెళ్లినప్పుడు సీసా చూపించమని అడగండి. ఏఎన్ఎంలు చూపిస్తారు, కోపం చేసుకోరు. లేబుల్ మీద గానీ మూత మీద గానీ ఊదారంగు వలయం, దాని లోపల చిన్న చదరం ఉంటాయి. చదరం వలయం కంటే లేత రంగులో ఉంటే మందు బాగున్నట్టు. వేడి తగిలిన కొద్దీ చదరం ముదురుతూ పోతుంది. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చదరమే ముదిరినా ఆ సీసా వాడరు. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. డీపీటీకి వేడి కంటే గడ్డకట్టడం ఎక్కువ చేటు. గడ్డకట్టి కరిగిన సీసాను ఊపి బల్ల మీద పెడితే మందు తేరుకుని అడుగున మడ్డి పేరుకుంటుంది. మంచి సీసా చాలాసేపు ఒకేలా తెల్లగా ఉంటుంది. పాడైన మందుతో ఎక్కువగా జరిగేది పనిచేయకపోవడం. అది చేయి వాపులా కంటికి కనబడదు.

పాడవడం గురించే అయితే నా భయం పీహెచ్‌సీ ఫ్రిజ్ మీద కాదు. అక్కడ కరెంటు పోయినా గంటల తరబడి చల్లదనం నిలిపే ఫ్రిజ్ ఉంటుంది, పూటపూటా ఉష్ణోగ్రత రాస్తారు. మెడికల్ షాపులో సూది మందు కొని, మే నెల ఎండలో ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, మధ్యలో కూరగాయలు కొనుక్కుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ మందు నేను వేయను.

ఇక నొప్పి లేని సూది. అందులో కోరింత దగ్గు క్రిమిని మొత్తంగా కాకుండా కొన్ని భాగాలే తీసి వాడతారు. అందువల్ల జ్వరం, వాపు తక్కువ. అయితే కోరింత దగ్గు మీద దాని రక్షణ పాత రకం కంటే తొందరగా తగ్గిపోతుంది. ఒక రాత్రి జ్వరం భరించగలిగితే నా ఓటు సర్కారు సూదికే. గతంలో డీపీటీ వేసిన తర్వాత ఒళ్లంతా దద్దుర్లతో ఊపిరాడకపోవడం, వారంలోపు స్పృహ తప్పి ఆస్పత్రిలో ఉండాల్సి రావడం లాంటివి జరిగి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. అలాంటి పిల్లల విషయం వేరు.

ప్రశ్న: మా హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు టీడీ సూదులు వేయడానికి వస్తామని పీహెచ్‌సీ నుంచి కబురు వచ్చింది. గతంలో ఒకసారి ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడితే, వెనకాలే ఇంకా కొందరు పడ్డారు. తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?
— ఒక ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: సారూ, మీ బళ్లో ఆ రోజు ఏం జరిగిందో చూడకుండానే చెప్పగలను. ప్రార్థన అయిన వెంటనే మొదలుపెట్టి ఉంటారు. సగం మంది పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉంటారు. వరండాలో వరుసగా నిలబెట్టి ఉంటారు. ముందున్న పిల్ల మొహం వెనకున్నవాళ్లందరికీ కనబడి ఉంటుంది.

పడిపోవడానికి కారణం మందు కాదు, భయం. భయంతో గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా తగ్గితే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఈడొచ్చిన పిల్లల్లో ఇది ఎక్కువ. పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తిపెడితే రెండు మూడు నిమిషాల్లో లేస్తారు. వెనకాలే పడినవాళ్లు నటించారని మాత్రం అనకండి, వాళ్లకు నిజంగానే కళ్లు తిరుగుతాయి.

మధ్యాహ్న భోజనం అయ్యాక పెట్టుకోండి. ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంకో గదిలోకి ఇద్దరు ముగ్గురిని మాత్రమే పిలవండి. సూది కుర్చీలో కూర్చున్నాకే. అయిపోయినవాళ్లు వేరే తలుపు నుంచి మూడో గదిలోకి పోవాలి, మిగతావాళ్లలోకి రాకూడదు. అక్కడ అరగంట కూర్చోబెట్టి లెక్కలో, అంత్యాక్షరో ఏదో ఒకటి చెప్పించండి. సూదంటే బాగా భయపడే పిల్లలు ఎవరో మీకు తెలిసే ఉంటుంది, వాళ్లను ముందు పిలవకండి, అందరికంటే చివరా వద్దు.

తల్లిదండ్రులకు ముందురోజే చీటీ పంపండి. టీడీ అంటే ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ అని, పదేళ్ల వయసులో ఒకటి, పదహారేళ్ల వయసులో ఒకటి దేశమంతా వేసేవే అని, చేయి ఒకటి రెండు రోజులు నొప్పి పెడుతుందని రాయండి. పాత టీటీ స్థానంలో వచ్చిందే ఇది. వాడిన సిరంజి మళ్లీ వాడరా అని అడిగేవాళ్లుంటే, సర్కారు సిరంజి ఒకసారి నొక్కాక పిస్టన్ బిగిసిపోతుందని, రెండోసారి వాడదామన్నా కుదరదని చూపించవచ్చు. పక్కనే సూది మొన కత్తిరించే డబ్బా కూడా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. సూర్యాపేటలో డాక్టరు గారు బూస్టర్లని చెప్పి టీడాప్, హెచ్‌పీవీ, టైఫాయిడ్, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా రాశారు. అన్నీ కలిపితే మా నెల సంపాదన దగ్గరికి వస్తోంది. ఏది ముఖ్యం?
— ఒక తల్లి, తుంగతుర్తి

జవాబు: ఆ డాక్టరు గారు రాసినవేవీ అనవసరమైనవి కావు. అన్నీ ఈ నెలలోనే వేయించాలని మాత్రం లేదు.

పదేళ్ల టీడీ పడకపోయి ఉంటే అది మొదట, సర్కారు దవాఖానలో ఉచితంగా. టీడాప్‌లో దానితోపాటు కోరింత దగ్గు టీకా కూడా ఉంటుంది. కొనగలిగితే మంచిదే, లేకపోతే టీడీతో కంఠసర్పికీ ధనుర్వాతానికీ లోటు ఉండదు.

డబ్బు పెట్టగలిగేది ఒక్కదానికే అయితే నేను హెచ్‌పీవీకి పెట్టమంటాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునేది అది. పెళ్లికి చాలా ముందే పడితేనే పూర్తి ఫలితం. పదిహేనేళ్లు నిండకముందే వేయిస్తే మామూలుగా ఆరు నెలల తేడాతో రెండు మోతాదులు చాలు, పదిహేను వస్తే మూడు అవుతాయి. అంటే ఆలస్యం చేస్తే ఖర్చే పెరుగుతుంది. పుణెలో తయారయ్యే దేశీయ టీకా కూడా ఉంది, ఏ కంపెనీదో, ధర ఎంతో అడగండి. కొనేముందు సర్కారు తరఫున వేస్తున్నారేమో పీహెచ్‌సీలో ఒక మాట కనుక్కోండి. పెళ్లికాని పిల్లకు ఇదేం సూది అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, క్యాన్సర్ రాకుండా వేసేదని చెప్పండి. అంతకంటే వివరణ అక్కర్లేదు.

తర్వాత టైఫాయిడ్. బడిలో నీళ్లు, బయట పానీపూరీ ఉన్నంతకాలం ఇది మన పిల్లల జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లో తయారైందే. ఇంతకుముందు వేయించి ఉండకపోతే ఒక మోతాదు.

ఎంఎంఆర్ నిదానంగా చూసుకోవచ్చు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు తట్టు–రుబెల్లా సూది వేశారు. అప్పుడు అంగన్‌వాడీలోనో బడిలోనో మీ అమ్మాయికీ పడి ఉంటుంది, గుర్తుచేసుకోండి. ఎంఎంఆర్‌లో కొత్తగా వచ్చేది గవదబిళ్లల రక్షణ. ఆటలమ్మ ఇదివరకే పోసి ఉంటే ఆ టీకాతో పనిలేదు.

ప్రశ్న: పొలంలో ముల్లు గుచ్చుకున్నా, ఇనుప రేకు గీసుకున్నా ప్రతిసారీ టీటీ వేయిస్తున్నాం. మా బాబుకు పదకొండేళ్లు. ఇది సరైనదేనా?
— కల్వకుర్తి నుంచి ఒక రైతు

జవాబు: పదేళ్ల టీడీ పడి, చిన్నప్పటివన్నీ పూర్తయి ఉంటే ప్రతిసారీ అక్కర్లేదు. మట్టి, పేడ తగిలిన గాయమైతే చివరి సూది అయి ఐదేళ్లు దాటిందా అని చూస్తాం. శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్లు. ధనుర్వాతం క్రిమి గుడ్లలాంటి రూపంలో మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి ఊరంతా టీకా వేయించుకున్నా వేయించుకోనివాడికి రక్షణ లేదు. గాయాన్ని సబ్బు, నీళ్లతో బాగా కడగండి. సున్నం, బూడిద, కాఫీపొడి పెట్టకండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా బాబుకు ఫ్లోరైడ్ వల్ల పళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు కొంచెం వంకర. బూస్టర్ వేయించవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. ఫ్లోరైడ్‌కు, టీకాలకు పేచీ లేదు. కాళ్ల సంగతి మాత్రం ఎముకల డాక్టరుకు చూపించండి, తాగే నీళ్లు మార్చండి.

ప్రశ్న: మా పిల్లవాణ్ని బడి దారిలో కుక్క కరిచింది. నెల కిందటే బూస్టర్ వేయించాం కాబట్టి పర్వాలేదని మా ఇంట్లో అంటున్నారు.
— అలంపూర్

జవాబు: పత్రిక చేరేదాకా ఆగకూడదని దీనికి ముందే కబురు పంపాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాను. బూస్టర్‌కు, రేబిస్‌కు సంబంధమే లేదు. కరిచిన చోట ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి. చర్మానికి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో సూదులు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది, ఆ భయంతో దాచకండి.

ప్రశ్న: మా పాపకు పోయిన నెలలో ఏడేళ్లు నిండాయి. ఐదేళ్ల సూది మరిచిపోయాం. ఇక లాభం లేదా?
— నకిరేకల్

జవాబు: డీపీటీ దాటిపోయింది, ఏడేళ్ల తర్వాత అందులోని కంఠసర్పి మందు పాళ్లు ఎక్కువై వాపు, జ్వరం బాగా వస్తాయి. అందుకే ఆ పాళ్లు తగ్గించిన టీడీ వేస్తారు. పదేళ్లు వచ్చేదాకా ఆగుదామని అనుకోకండి. కార్డు పట్టుకుని వచ్చే బుధవారమే పీహెచ్‌సీకి పోయి డాక్టరుతో మాట్లాడి వేయించండి. కోరింత దగ్గు కూడా కలిసి ఉండాలనుకుంటే ప్రైవేటులో టీడాప్ ఉంది. ఇప్పుడు వేయించినా పదేళ్లకు, పదహారేళ్లకు వేసేవి వాటి సమయానికి ఉంటాయి.